నడిచే కొద్దీ మారే రంగుల పటం: అట్టతో ఫిజిక్రోమీ చేసుకునే విధానం

పగటి వెలుతురు బాగా పడే కిటికీ పక్కన బల్ల మీద ఒక తెల్ల కాగితం పరచండి. దాని మీద ముదురు ఎరుపు అట్టముక్కను, ఎర్రటి ముఖం కిటికీ వైపు ఉండేటట్లు, నిట్టనిలువుగా నిలబెట్టండి. అట్ట కాగితాన్ని తాకిన చోటి నుంచి కొద్ది వెడల్పున తెల్ల కాగితం మీద లేత గులాబీ ఛాయ పరుచుకోవడం మీకు కనిపిస్తుంది. అట్టను తీస్తే ఆ ఛాయ పోతుంది, మళ్ళీ పెడితే వస్తుంది. కాగితం మీద ఎవరూ గులాబీ రంగు వేయలేదు, అయినా అక్కడ గులాబీ ఉంది. ఇక్కడ చెప్పబోయే పనికంతటికీ మూలం ఈ చిన్న సంగతే కాబట్టి, ముందుకు చదివే ముందు దీన్ని ఒక్కసారి మీ చేతులతో చేసి చూడమని మనవి.

వెనిజులా చిత్రకారుడు కార్లోస్ క్రూజ్-డియెజ్ 1959లో మొదలుపెట్టి, 2019లో పారిస్‌లో కన్నుమూసే వరకు చేస్తూ వచ్చిన పటాలకు ఫిజిక్రోమీలని పేరు. ఆయన 1923లో కారకాస్‌లో పుట్టి, 1960లో పారిస్ వెళ్ళి స్థిరపడ్డారు. ఒక్కో పటానికి ఒక్కో సంఖ్య ఇచ్చుకుంటూ పోగా ఆ సంఖ్య వెయ్యి దాటింది. పలక మీద సన్నని నిలువు రెక్కలను వరుసగా నిలబెట్టి, రెక్కల రెండు ముఖాలకూ వాటి నడుమ నేలకూ వేర్వేరు రంగులు వేయడం ఆ పటాల నిర్మాణ సూత్రం. చూసేవాడు ఎడమ నుంచి కుడికి నడుస్తున్న కొద్దీ ఒక ముఖం కనుమరుగై మరొకటి పైకి వస్తుంది. రెక్కల మీద పడిన వెలుతురు రంగు పూసుకుని నేల మీదికి జారుతుంది. పటంలో ఏదీ కదలకపోయినా రంగు మాత్రం ఒక్క క్షణం నిలకడగా ఉండదు.

కదలికనూ కంటి స్వభావాన్నీ ముడిసరుకుగా తీసుకున్న ఈ కళకు 1955లో పారిస్‌లోని దెనీజ్ రెనే గ్యాలరీలో జరిగిన ‘ల మూవ్‌మాఁ’ ప్రదర్శన, 1965లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో జరిగిన ‘ద రెస్పాన్సివ్ ఐ’ ప్రదర్శన రెండు పెద్ద మైలురాళ్ళు. మొదటిదానిలో విక్టర్ వాసరేలీ, యాకోవ్ ఆగమ్, హెసుస్ రఫాయెల్ సోతో, జాఁ టాంగ్లీ వంటివారు పాల్గొన్నారు. వీరిలో టాంగ్లీ చేసిన కదిలే యంత్రశిల్పాలకు మోటార్లు కావాలి. రెండోదానిలో పాల్గొన్న బ్రిటిష్ చిత్రకారిణి బ్రిడ్జెట్ రైలీ వంటి వారి నలుపు తెలుపు చిత్రాలకు రెండు మూడేళ్ళ సాధన ఉన్న చెయ్యి కావాలి. ఫిజిక్రోమీకి మాత్రం అట్ట, స్కేలు, ఓపిక ఉంటే చాలు, మోటారు పని చూసేవారి కాళ్ళే చేస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ కళలో ఇంతకంటే మంచి ప్రవేశద్వారం మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

ఈ విద్య మనవాళ్ళకు మరీ పరాయిదేమీ కాదు. పడుగు ఒక రంగు, పేక మరో రంగు పెట్టి నేసిన డబుల్ షేడ్ పట్టుచీరలను ధర్మవరంలో చూసినవారికి, కుచ్చిళ్ళ మడత తిరిగిన చోట ఎరుపు ఆకుపచ్చలోకి జారే తీరు బాగా తెలుసు. రంగుల పొరుగును గురించి శాస్త్రీయంగా, విపులంగా రాసిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రోల్ కూడా నేతశాల మనిషే. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో 1824 నుంచి అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న ఆయన దగ్గరకు, నలుపు దారం తగినంత నల్లగా కనిపించడం లేదన్న ఫిర్యాదు వచ్చింది. అద్దకంలో దోషం లేదని, పక్కనున్న నీలం, ఊదా దారాల వల్లనే నలుపు వెలవెలబోతున్నదని ఆయన కనిపెట్టి, 1839లో ఆ విషయమంతా పెద్ద గ్రంథంగా వెలువరించారు. మనం చేయబోయే పటంలో కూడా మీరు ఎన్నుకోవలసింది విడివిడి రంగులను కాదు, పొరుగులను.

కావలసిన సామగ్రి

56 × 71 సెం.మీ. కొలత గల తెల్లటి ఐవరీ కార్డు షీటు, 300 జిఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) బరువుది, ఒకటి కావాలి. తప్పులకోసం రెండోది కూడా తెచ్చుకోండి. దీనికి తోడు 52 × 32 సెం.మీ. కొలతకు కోయించిన 5 మి.మీ. ఫోమ్ బోర్డు, మీటరు పొడవు స్టీలు స్కేలు, మూలమట్టం, పేపర్ కట్టరు, సిరా అయిపోయిన బాల్ పెన్ను, గుండుసూది, మాస్కింగ్ టేపు, ఫెవికాల్, రెండు డజన్ల బట్టల క్లిప్పులు సమకూర్చుకోండి. రంగుల విషయంలో అక్రిలిక్ మాత్రమే వాడండి, ఎందుకంటే పోస్టర్ కలర్ మడత దగ్గర పొడిగా రాలిపోతుంది. నీలం, నారింజ, తెలుపు సీసాలు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో 2 మి.మీ. మొన ఉన్న అక్రిలిక్ మార్కర్లు సరిపోతాయి.

మెరిసే రంగులు, మెరిసే కాగితం, పైన వార్నిష్ పూత ఈ పనికి పనికిరావు. నేను చేసిన మొదటి పటానికి అందం వస్తుందని నిగనిగలాడే వార్నిష్ పూశాను. గోడకు తగిలించిన తరువాత పక్క నుంచి చూస్తే రెక్కల రంగుకు బదులు ఎదుటి కిటికీ తెల్లటి గీతలుగా కనిపించింది. మూడు వారాల శ్రమ ఒక్క పూతతో పోయింది. మ్యాట్ అని రాసి ఉన్న సీసానే తీసుకోండి.

మొదటి దశ: కంటితో పరీక్ష

పెద్ద పటం జోలికి పోయే ముందు 10 సెం.మీ. చదరపు ముక్క మీద 2 మి.మీ. వెడల్పుతో ఎరుపు గీత, దాన్ని ఆనుకుని ఆకుపచ్చ గీత, మళ్ళీ ఎరుపు, మళ్ళీ ఆకుపచ్చ చొప్పున ఖాళీ లేకుండా గీయండి. దాన్ని పగటి వెలుతురులో గోడకు అంటించి, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. చేతికందే దూరంలో రెండు రంగులూ ఒకదానినొకటి రెచ్చగొడుతున్నట్లు కనిపిస్తాయి. నాలుగైదు మీటర్లు దాటేసరికి తగువు సద్దుమణిగి, గీతల మీద ముదురు పసుపు ఛాయ ఒకటి తేలడం మొదలవుతుంది. ఇంకా దూరం పోతే గీతలు పూర్తిగా కరిగి ఒకే మైదానం మిగులుతుంది. ఆ పసుపు నిమ్మపండు పసుపు కాదు, ఆవపిండి ఛాయకు దగ్గర. రెండు రంగుల వెలుతురు కంటిలో కూడినా, వాటి సగటు కాంతి మాత్రమే మనకు అందడం దీనికి కారణం. ఛాయ మరీ మట్టిరంగులోకి దిగితే ఎరుపును కొంచెం నారింజ వైపు, ఆకుపచ్చను కొంచెం చిలకపచ్చ వైపు జరపండి. పరీక్ష ముక్క చుట్టూ నల్ల కాగితం అంచు పెట్టి చూస్తే అదే పసుపు మరింత వెలుగుతో కనిపిస్తుంది.

ఈ పరీక్షలో గమనించవలసిన అసలు విషయం వెడల్పు. అవే రెండు రంగులను 3 సెం.మీ. పట్టీలుగా వేస్తే ఎంత దూరం నడిచినా ఇంట్లో అవి కలవవు, పైగా పక్కపక్కన ఉండి ఎరుపు మరింత ఎర్రగా, ఆకుపచ్చ మరింత పచ్చగా కనిపిస్తాయి. వెడల్పుగా ఉన్నప్పుడు రంగులు ఒకదానినొకటి దూరంగా నెడతాయి, సన్నగా ఉన్నప్పుడు ఒకదానిలోకి ఒకటి ఒరుగుతాయి. మీ ఇంటి నడవా పొడవును బట్టి గీత వెడల్పు నిర్ణయించుకోవాలన్నమాట. చిన్న గది అయితే 1 మి.మీ.కు దిగండి, పెద్ద హాలైతే 3 మి.మీ. అయినా ఫరవాలేదు.

తరువాత రెక్కలకు వేసే నీలం, నారింజ రంగులను ఒకే వెలుగు స్థాయికి తీసుకురావాలి. నారింజ సహజంగానే వెలుగు రంగు, సీసాలోని నీలం చాలా ముదురు. రెండింటినీ చిన్న ముక్కల మీద పక్కపక్కన పూసి, ఆరిన తరువాత ఫోనుతో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఫొటోలో నీలం నల్లగా కనిపించినంతకాలం దానిలో చుక్క చుక్కగా తెలుపు కలుపుతూ పోండి. రెండు ముక్కల మధ్య సరిహద్దు ఫొటోలో దాదాపు మాయమైన చోట ఆగండి. వెలుగు సమానమైన రెండు రంగులు కలిసే అంచును కన్ను స్థిరంగా పట్టుకోలేదు. అక్కడ పుట్టే సన్నని వణుకే ఈ పటానికి ప్రాణం. కలిపిన రంగును ఒకేసారి సరిపడా కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి, మధ్యలో అయిపోతే అదే ఛాయ మళ్ళీ రాదు.

రంగుల నిర్ణయం ఎప్పుడూ పగటి వెలుతురులోనే జరగాలి. అరగంటసేపు నారింజతో పని చేసిన కంటికి తెల్ల గోడ కూడా నీలంగా కనిపిస్తుంది, కాబట్టి ఛాయ సరిపోయిందా లేదా అని తేల్చే ముందు ఐదు నిమిషాలు కిటికీ బయటికి చూసి రండి.

రెండో దశ: కొలతలు

షీటును నిలువునా రెండుగా కోస్తే 71 × 28 సెం.మీ. ముక్కలు రెండు వస్తాయి. ఒక్కో ముక్క పొడవులో ఎడమ చివర 1 సెం.మీ., కుడి చివర 1 సెం.మీ. అంటించడానికి వదలండి. మిగిలిన 69 సెం.మీ.లను మూడేసి సెంటీమీటర్ల చొప్పున 23 ఖండాలుగా విభజించండి. ప్రతి ఖండంలోనూ మొదటి సెంటీమీటరు నేల, రెండోది రెక్కకు ఎడమ ముఖం, మూడోది రెక్కకు కుడి ముఖం. మడిచినప్పుడు రెండో, మూడో సెంటీమీటర్లు వీపులు ఆనించి నిలబడి ఒక్క రెక్క అవుతాయి. రెండు ముక్కలూ కలిస్తే 46 రెక్కలు.

గుర్తులు పెట్టేటప్పుడు ఒక సెంటీమీటరు పెట్టి, దాని నుంచి మరో సెంటీమీటరు పెట్టి ముందుకు పోవద్దు. ప్రతిసారీ వెంట్రుకవాసి తప్పు జరిగినా డెబ్బయ్యో గుర్తు దగ్గరకు వచ్చేసరికి అది నాలుగైదు మిల్లీమీటర్లు అవుతుంది. రెక్కలు చివరలో ఒరిగిపోవడానికి నేను చూసిన కారణాలలో నూటికి తొంభై ఇదే. మీటరు స్కేలును ఎడమ అంచుకు ఆనించి, దాన్ని కదపకుండా 1, 2, 3 నుంచి 70 వరకు అన్ని గుర్తులూ ఒకే వరసలో పెట్టండి. పై అంచున అలాగే, కింది అంచున అలాగే పెట్టి, ఆ తరువాతే గీతలు కలపండి. ప్రతి పట్టీ చివర పెన్సిలుతో చిన్నగా నే, ఎ, కు అని రాసుకుంటే రంగులు వేసేటప్పుడు తికమక ఉండదు.

మూడో దశ: మడత గాళ్ళు

సిరా లేని బాల్ పెన్నును స్కేలు వెంబడి గట్టిగా లాగితే కార్డు తెగకుండా సన్నని గాడి పడుతుంది. రెక్క మొదలు దగ్గరి రెండు మడతలూ, అంటే నేలకూ ఎడమ ముఖానికీ మధ్యన, కుడి ముఖానికీ తరువాతి నేలకూ మధ్యన వచ్చేవి, లోపలికి తిరిగే మడతలు. వీటికి గాడి ముందు వైపు వేయాలి. రెక్క కొన దగ్గర ఎడమ, కుడి ముఖాలు కలిసే మడత బయటికి తిరిగేది కాబట్టి దాని గాడి కార్డు వెనుక వైపు పడాలి. ఆ కొన గీతల రెండు చివర్లలోనూ గుండుసూదితో బెజ్జం పొడిచి, కార్డును తిరగేసి, బెజ్జం నుంచి బెజ్జానికి గాడి లాగండి. రంగు వేయకముందే ఒక్కసారి అన్ని మడతలూ సగం వరకు మడిచి మళ్ళీ చదును చేయండి. రంగు పూత పడిన తరువాత మొదటిసారి మడిస్తే పూత పగిలి తెల్లటి వెంట్రుక గీత కనిపిస్తుంది.

నాలుగో దశ: రంగులు

పటం మధ్యలో ఒక చతురస్రం పుట్టబోతున్నది, కాబట్టి ముందే దాని చోటు గుర్తు పెట్టుకోవాలి. 46 రెక్కలలో ఎడమ నుంచి 15, కుడి నుంచి 15 వదిలేస్తే మధ్యలో 16 మిగులుతాయి. అంటే మొదటి ముక్కలో 16 నుంచి 23 వరకు, రెండో ముక్కలో 1 నుంచి 8 వరకు. ఈ పదహారు రెక్కల మీద పైనుంచి 5.5 సెం.మీ., కింద నుంచి 5.5 సెం.మీ. వదిలి అడ్డుగీతలు తేలికగా గీయండి. ఆ గీతల నడుమ 17 సెం.మీ. ఎత్తు చతురస్రం భాగం.

చతురస్రం బయట ఎడమ ముఖాలన్నీ నీలం, కుడి ముఖాలన్నీ నారింజ. చతురస్రం లోపల దీనికి సరిగ్గా తిరగవేసి, ఎడమ ముఖాలు నారింజ, కుడి ముఖాలు నీలం. ఇలా వేయడం వల్ల ఎడమ నుంచి వచ్చేవారికి నీలి మైదానంలో నారింజ చతురస్రం, కుడి నుంచి వచ్చేవారికి నారింజ మైదానంలో నీలి చతురస్రం కనిపిస్తుంది. అంచుకు మాస్కింగ్ టేపు వేసి, టేపును ముందుగా ఒకటి రెండుసార్లు మీ బట్టల మీద అంటించి జిగురు తగ్గించుకుంటే కార్డు పొర లేవదు. పలుచగా రెండు పూతలు వేయండి. మందంగా ఒకే పూత వేస్తే తడికి కార్డు వంకర తిరుగుతుంది. బ్రష్షుతో ఇంత పొడవైన పట్టీలు వేయడం మీకు విసుగనిపిస్తే, రెండు పెద్ద పలుచని కాగితాలకు నీలం, నారింజ సమంగా పూసి ఆరబెట్టి, 1 సెం.మీ. కంటే వెంట్రుకవాసి తక్కువ వెడల్పున పట్టీలుగా కోసి అంటించుకోవచ్చు. నిజానికి రంగు అంతటా ఒకే తీరుగా రావడానికి ఇదే మెరుగైన పద్ధతి.

ఆఖరున నేల పని. ప్రతి నేల పట్టీలోనూ ఎడమ నుంచి 2 మి.మీ. ఎరుపు, 2 మి.మీ. ఆకుపచ్చ, మళ్ళీ ఎరుపు, మళ్ళీ ఆకుపచ్చ గీయండి. కుడి చివర మిగిలిన 2 మి.మీ. తెల్లగానే వదిలేయండి. స్కేలు కింద రెండు చివరల చిన్న అట్టముక్కలు అంటించి స్కేలును కార్డు నుంచి కొద్దిగా పైకి లేపితే మార్కరు తడి స్కేలు కిందికి పాకదు. ఎరుపు గీతలన్నీ ముందు పూర్తి చేసి, ఆరిన తరువాత ఆకుపచ్చ మొదలుపెట్టండి.

వదిలిన తెల్ల గీత అలంకారం కాదు. అది ఎడమ ముఖం పాదాన్ని ఆనుకుని ఉంటుంది, కాబట్టి ఎడమ నుంచి వెలుతురు పడినప్పుడు ఆ ముఖం రంగు దాని మీదికి ప్రతిఫలిస్తుంది. చతురస్రం బయట ఆ తెల్ల గీత నీలాన్ని, లోపల నారింజను తాగుతుంది. అందువల్ల ఎదురుగా నిలబడినప్పుడు, రెక్కల ముఖాలు దాదాపు కనిపించని ఆ స్థితిలో కూడా, ఆవిరిలా ఒక చతురస్రం పటం మీద తేలుతూ ఉంటుంది. మీరు దాన్ని ఎక్కడా గీయలేదు. ఫిజిక్రోమీ, అంటే భౌతికమైన రంగు, అన్న పేరుకు అర్థం ఇదే.

ఐదో దశ: మడవడం, నిలబెట్టడం

రంగు ఒక రాత్రంతా ఆరాక మడతలు పూర్తిగా మడిచి, రెక్క లోపలి రెండు వీపులకూ ఫెవికాల్ పలుచగా రాసి నొక్కండి. రెక్క ఎత్తు 1 సెం.మీ. మాత్రమే కాబట్టి బట్టల క్లిప్పు దాన్ని కొన నుంచి మొదలు వరకు చక్కగా పట్టుకుంటుంది. క్లిప్పు పళ్ళు రంగు మీద ముద్ర వేయకుండా మధ్యలో పాత కాగితం ముక్క పెట్టండి. వరుసగా అన్ని రెక్కలకూ క్లిప్పులు పెట్టడానికి చోటు చాలదు, అందుకే ఒక రెక్క విడిచి ఒక రెక్క చొప్పున అంటించుకుంటూ వెళ్ళి, రెండో విడతలో మిగిలినవి పూర్తి చేయండి.

కార్డు మందం రెక్కకు రెండు పొరలు చేరుతుంది కాబట్టి 46 ఖండాలు 46 సెంటీమీటర్ల దగ్గర ఆగవు, దాదాపు 49 సెం.మీ. వరకు వస్తాయి. బోర్డును 52 సెం.మీ.కు కోయించమన్నది అందుకే. రెండో ముక్క ఎడమ చివరి సెంటీమీటరును కోసేసి, దాని మొదటి నేలను మొదటి ముక్క కుడి చివర వదిలిన సెంటీమీటరు మీద సరిగ్గా అంటిస్తే అతుకు కనిపించదు. ఆ తరువాత నేలల వెనుక జిగురు రాసి ఫోమ్ బోర్డు మీద పరచండి. ఆరే లోగా రెక్కలు ఒరగకుండా, ఫోమ్ బోర్డు ముక్కలు రెండు కలిపి అంటించిన 1 సెం.మీ. మందపు కడ్డీలను రెక్కల సందుల్లో నిలిపి ఉంచండి. మూలమట్టంతో ప్రతి ఐదో రెక్కనూ తనిఖీ చేయండి. రెక్క పది డిగ్రీలు ఒరిగితే ఒక వైపు రంగు ముందే బయటపడి, రెండో వైపు రంగు ఆలస్యమవుతుంది.

ఆరో దశ: తగిలించే చోటు, వెలుతురు

ఈ పటానికి సోఫా ఎదుటి గోడ తగదు, ఎందుకంటే అక్కడ అందరూ ఒకే చోట కూర్చుని చూస్తారు. జనం పక్క నుంచి పక్కకు నడిచే చోటు, అంటే నడవా, వరండా, వంటింటికి వెళ్ళే దారి, దీనికి సరైన తావు. క్రూజ్-డియెజ్ తన రంగు గీతలను 1970లలో కారకాస్ సమీపంలోని మైకెతియా విమానాశ్రయం నేల మీదా గోడల మీదా పరిచారు. దేశం విడిచి వెళ్ళే వెనిజులా ప్రజలు ఆ గీతల మీద నిలబడి తమ పాదాలను ఫొటో తీసుకోవడం ఇటీవలి కాలంలో ఒక ఆనవాయితీ అయింది. నడక లేకపోతే ఈ కళ సగమే ఉన్నట్లు.

లెక్క కూడా సులభమే. రెక్క ఎత్తు, సందు వెడల్పు రెండూ 1 సెం.మీ. కాబట్టి 45 డిగ్రీల కోణం నుంచి చూస్తే నేల మొత్తం రెక్క చాటున దాక్కుంటుంది. పటానికి 2 మీటర్ల దూరంలో ఎదురుగా నిలబడినవారు పక్కకు 1 మీటరు జరిగితే నేలలో సగం మాయమవుతుంది, 2 మీటర్లు జరిగితే అంతా మాయమై రెక్కల రంగు మాత్రమే మిగులుతుంది. అంటే మార్పు పూర్తిగా అందాలంటే పటానికి రెండు వైపులా రెండేసి మీటర్ల నడక ఉండాలి. పటం వెడల్పు వల్ల దాని ఎడమ అంచునూ కుడి అంచునూ మీ కన్ను ఒకే కోణంలో చూడదు, 2 మీటర్ల దూరంలో ఆ తేడా దాదాపు 14 డిగ్రీలు ఉంటుంది. అందుకే రంగు స్విచ్చు వేసినట్లు ఒక్కసారిగా మారకుండా, ఒక అంచున మొదలై అలలా రెండో అంచుకు పాకుతుంది. దగ్గరకు వచ్చి ఒక కన్ను మూసి, తరువాత రెండో కన్ను మూసి చూడండి. రెండు కళ్ళకూ అందే రంగుల పాలు ఒకటి కాదని తెలుస్తుంది. రెండు కళ్ళూ తెరిచినప్పుడు పటం మిలమిలలాడినట్లు తోచడానికి అదొక కారణం.

వెలుతురు ఎడమ వైపు నుంచి, కొంచెం పైనుంచి పడాలి. నేరుగా ఎదుటి నుంచి పడే లైటు రెక్కల ముఖాలను తాకకుండా నేలను మాత్రమే వెలిగిస్తుంది, అప్పుడు తెల్ల గీత తెల్లగానే మిగిలిపోతుంది. కిటికీ ఎడమన ఉన్న గోడ దొరికితే ఉదయానికీ సాయంత్రానికీ పటం ఛాయ మారడం కూడా చూడవచ్చు. దీపం పెట్టేటట్లయితే పసుపుపచ్చటి బల్బు వద్దు, నీలాన్ని అది బూడిదలా చేస్తుంది. సన్నని గీతలు కొందరికి కళ్ళు తిప్పుతాయి, తలనొప్పిని రేపుతాయి. ఇంట్లో మైగ్రేన్ గానీ మూర్ఛ గానీ ఉన్నవారుంటే పడకగదిలో, మెట్ల దగ్గర దీన్ని తగిలించకండి.

తప్పులు కనిపెట్టడం

పటం తగిలించిన రోజున నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి నడవండి. ఎక్కడ నుంచి చతురస్రం స్పష్టపడింది, ఎక్కడ మాయమైంది, రెండు వైపులా ఆ దూరాలు సమానంగా ఉన్నాయా అని చూడండి. ఒక వైపు తొందరగా వస్తే రెక్కలు ఆ దిక్కుకు వ్యతిరేకంగా ఒరిగాయని అర్థం. పటమంతా ఒకే మట్టిరంగుగా ఉంటే నేల గీతల్లో ఎరుపు పాలు ఎక్కువైంది. ఎదురుగా ఆవిరి చతురస్రం తేలకపోతే ముందు వెలుతురు దిక్కు మార్చి చూడండి, తరువాతే రంగును అనుమానించండి. మా ఇంట్లో పటం పెట్టిన మొదటి వారం ఆ చతురస్రం ఒక్కనాడూ కనిపించలేదు. ఆదివారం ఉదయం ఎడమ వైపు తలుపు తెరిచి ఉంచిన ఒక్క అరగంటలో అది దానంతటదే గోడ మీద నిలిచింది.

ఒక ముందు తెర

రెక్కలు మడిచే ఓపిక లేని పిల్లలతో ఇదే విద్యను మరోలా చేయించవచ్చు. చారల నేపథ్యం ముందు కడ్డీలు వేలాడదీసి సోతో, రంగు గీతల మీద గీతల తెరను జరిపి క్రూజ్-డియెజ్ చేసిన పని దీనికి ఆధారం. జిరాక్సు షాపులో ఒక ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద 1 మి.మీ. నల్ల గీత, 1 మి.మీ. ఖాళీ చొప్పున 2 మి.మీ.కు ఒక గీత వచ్చేటట్లు ముద్రించమనండి. తెల్ల కాగితం మీద 2.1 మి.మీ.కు ఒక గీత చొప్పున రంగు గీతలు ముద్రించమనండి. షీటును కాగితం మీద సమంగా ఆనిస్తే, రెండింటిలోనూ లేని 42 మి.మీ. వెడల్పు పట్టీలు కనిపిస్తాయి. షీటును 1 మి.మీ. పక్కకు జరిపితే ఆ పట్టీలు దాదాపు 2 సెం.మీ. పరుగెడతాయి. ఆ తేడా 0.1 మి.మీ. మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముద్రించేటప్పుడు పేజీకి సరిపడేలా కుదించే సెట్టింగు తీసేసి, అసలు కొలతకే ముద్రించమని చెప్పడం మరచిపోవద్దు.

దుమ్ము తుడవడం

రెక్కల సందుల్లో దుమ్ము చేరితే ముందుగా పోయేది తెల్ల గీత మీది ఛాయ. నెలకొకసారి మెత్తటి పొడి బ్రష్షును పైనుంచి కిందికి, ఒక్కో సందులో ఒక్కోసారి లాగండి. అడ్డంగా లాగితే రెక్కల కొనలు వంగుతాయి. తడిగుడ్డ పెట్టవద్దు, ఎండ నేరుగా పడే గోడ మీద ఉంచవద్దు. ఏదైనా రెక్క వంగిపోతే 1 సెం.మీ. కడ్డీని ఆ సందులో పెట్టి ఒక రాత్రి అలాగే వదిలేస్తే చాలావరకు తిరిగి నిలబడుతుంది.